చెక్కుతూ చెక్కుతూ డిజైన్ పక్కకి జరిగిపోతోంది, ఎక్స్ మోటారు మార్చేయాలా?

మలికిపురం_తలుపులు:
అందరికీ నమస్కారం అండి. మాది మలికిపురం దగ్గర, పూజ గది తలుపులు, ద్వారబంధాల మీద చెక్కుడు పని చేస్తాం. మెషిన్ 6090 సీఎన్‌సీ రౌటర్ (డిజైన్ ఫైలు ఇస్తే తనే చెక్కేది), ఎక్స్, వై, పైకీ కిందకీ జరిగే జెడ్, ఈ మూడు యాక్సిస్‌లకీ నెమా 23 స్టెప్పర్ మోటార్లే (స్టెప్పు స్టెప్పుగా తిరిగేవి), వాటిని నడిపే డీఎం542 డ్రైవర్లు, 36 వోల్టుల ఎస్ఎంపీఎస్ (పవర్ సప్లై), మోటారు తిప్పితే యాక్సిస్‌ని జరిపే 1605 బాల్ స్క్రూ, కంప్యూటర్ లేకుండా చేతి కంట్రోలర్‌తో నడుపుతాం. సమస్య ఏంటంటే మొదటి అరగంట బాగానే చెక్కుతుంది, తర్వాత ఎక్స్ సైడు గర్ర్‌మని శబ్దం వస్తుంది, అక్కడి నుంచి డిజైన్ రెండు మూడు ఎంఎం ఎడమకి జరిగిపోతుంది. లత సగం వరకు సరిగ్గా ఉండి మిగతా సగం పక్కకి వెళ్ళిపోతే ఆ టేకు పలక దేనికీ పనికిరాదు కదండీ. మోటారు మీద చెయ్యి పెడితే చురుక్కుమంటోంది. చూసిన మెకానిక్ మోటారు పోయింది, ఈసారి 112 ఎంఎం పొడుగుది పెద్దది వేసేయమన్నాడు. శ్రావణంలో గృహప్రవేశాల ఆర్డర్లు ఉన్నాయి, కొనేయమంటారా?

తణుకు_ఫిట్టర్:
ఆగండి ఆగండి, డబ్బులు అప్పుడే పెట్టకండి. స్టెప్పర్ మోటారు అంత తేలిగ్గా పోయే వస్తువు కాదండి, లోపల బ్రష్షులు లేవు, అరిగేవి రెండు బేరింగులే. స్టెప్పులు మిస్ అవుతున్నాయంటే మోటారు ఒక్కటే కారణం అనుకోకూడదు, డ్రైవర్ కావచ్చు, కేబుల్ చైన్‌లో వైరు తెగి ఉండొచ్చు, కప్లింగ్ (మోటారు షాఫ్టునీ స్క్రూనీ కలిపే ముక్క) జారుతుండొచ్చు, స్క్రూ బిగుసుకుపోయి ఉండొచ్చు. వేడి సంగతి కూడా చెప్తాను, స్టెప్పర్ నిలబడి ఉన్నప్పుడు కూడా కరెంటు తీసుకుంటూనే ఉంటుంది కాబట్టి వేడెక్కడం దాని స్వభావం. చాలా మోటార్లకి క్లాస్ బి ఇన్సులేషన్ ఉంటుంది అంటే వైండింగ్ 130 డిగ్రీల దాకా తట్టుకుంటుంది, బాడీ 70, 80 డిగ్రీలకి వెళ్ళినా అది జబ్బు కాదు, మన చెయ్యి మాత్రం 60 దగ్గరే ఓర్చుకోలేదు. చెయ్యి కాలింది కాబట్టి మోటారు పోయింది అనే లెక్క తప్పండి.

ముందు ఈ పని చేయండి. మెయిన్ ఆపండి, డ్రైవర్ల మీద లైట్లు పూర్తిగా ఆరిపోయేదాకా ఆగండి, ఎస్ఎంపీఎస్ కెపాసిటర్లలో ఇంకా కరెంటు ఉంటుంది. పవర్ ఉండగా మోటారు వైరు పీకితే డ్రైవర్ అక్కడికక్కడే పోతుంది, ఇది మాత్రం ఎవరూ మర్చిపోవద్దు. ఇప్పుడు ఎక్స్ డ్రైవర్‌కి ఉన్న నాలుగు మోటారు వైర్లు తీసి అందులో జెడ్ మోటారువి పెట్టండి, జెడ్ డ్రైవర్‌లో ఎక్స్ మోటారువి పెట్టండి. దానికన్నా ముందు స్పిండిల్ (చెక్కే బిట్‌ని తిప్పే మోటారు) కింద ఒక చెక్క దిమ్మ పెట్టండి, జెడ్ మోటారుకి పట్టు పోగానే స్పిండిల్ బరువుకి కిందకి జారి టేబుల్‌ని గుద్దుతుంది. స్పిండిల్ ఆన్ చేయకుండా చిన్న చిన్న దూరాలు జరిపి చూడండి, మీరు ఎక్స్ నొక్కితే జెడ్ కదులుతుంది, కంగారు పడకండి. వేడెక్కేదాకా నడిపి చూస్తే, గర్ర్ శబ్దం ఎక్స్ మోటారుతోపాటు కొత్త డ్రైవర్ దగ్గరికి వెళ్ళిందా అయితే తప్పు మోటారులోనో దాని కేబుల్లోనో ఉన్నట్టు. ఎక్స్ డ్రైవర్ దగ్గరే ఉండిపోయి ఇప్పుడు జెడ్ మోటారు గింజుకుంటోందా, అయితే డ్రైవర్ పోయినట్టు.

పాలకొల్లు_సైన్‌బోర్డ్స్:
తణుకు అన్న చెప్పింది కరెక్టే, కానీ అంతకన్నా ముందు కప్లింగ్ చూడండి బ్రదర్. మాకు ఏక్రిలిక్ అక్షరాలు కోసే మెషిన్లో అచ్చం ఇలాగే జరిగేది, చూస్తే గ్రబ్ స్క్రూ (కప్లింగ్‌ని షాఫ్టుకి పట్టి ఉంచే చిన్న స్క్రూ) లూజు. తెల్ల పెయింట్ మార్కర్‌తో మోటారు షాఫ్ట్ మీద నుంచి కప్లింగ్ మీదుగా స్క్రూ దాకా ఒకే గీత గీయండి. డిజైన్ జరిగాక గీత విరిగిపోయి కనిపిస్తే జారుతున్నది కప్లింగే. గీత తిన్నగా ఉంటే కప్లింగ్ మీద అనుమానం వదిలేయొచ్చు.

రాజోలు_హాబీ:
మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోకండి, నాది 3018 చిన్న మెషిన్. వై మోటారు పోతే 3డీ ప్రింటర్‌ది నెమా 17 ఒకటి దొరికితే పెట్టాను, తిరగకుండా అక్కడే వణుకుతోంది. అదీ ఇదీ ఒకటే సమస్యా?

కాకినాడ_ప్యానెల్:
రాజోలు తమ్ముడూ నీది వేరే కథ, వైర్ల జతలు మారిపోయి ఉంటాయి, వివరంగా తర్వాత రాస్తాను.

మలికిపురం గారూ, ఇంకో రెండు విషయాలు. ఒకటి వోల్టేజీ. సాయంత్రం ఊళ్ళో అందరూ మోటార్లు వేసేసరికి లైన్ కిందకి పడిపోతుంది, అప్పుడు స్పిండిల్ లోడు మీద ఉండగా ఎస్ఎంపీఎస్ అవుట్‌పుట్ కొలవండి, 36 కి 36 ఉండాలి. అది పడితే మూడు యాక్సిస్‌లూ నీరసపడతాయి, ఒక్క ఎక్స్ కాదు. రెండోది వీఎఫ్‌డీ (స్పిండిల్ స్పీడు మార్చే డ్రైవ్) నాయిస్. స్పిండిల్ కేబులూ మోటారు కేబుళ్ళూ ఒకే చైన్‌లో కలిపి లాగేస్తారు, షీల్డు ఎర్త్ చేయరు, అప్పుడు కంట్రోలర్ డ్రైవర్లకి పంపే పల్సుల్లో చెత్త కలుస్తుంది. కానీ నాయిస్ అయితే గర్ర్ శబ్దం రాకుండానే డిజైన్ జరుగుతుంది, ఎటువైపు జరుగుతుందో కూడా చెప్పలేం. మీకు శబ్దం వస్తోంది, వేడెక్కాకే వస్తోంది, ఎప్పుడూ ఒకే యాక్సిస్. నా ఓటు మోటారుకో కేబుల్‌కో.

మలికిపురం_తలుపులు:
చేశానండి. పెయింట్ గీత తిన్నగానే ఉంది. వైర్లు అటూ ఇటూ మార్చి ఖాళీగా నడిపితే జెడ్ డ్రైవర్ మీద కూడా ఎక్స్ మోటారే గింజుకుంది, జెడ్ మోటారు ఎక్స్ డ్రైవర్ మీద హాయిగా తిరిగింది. స్క్రూని కప్లింగ్ విప్పి చేత్తో తిప్పాను, ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకేలా నున్నగా వెళ్ళింది. అంటే మోటారేనా ఇక?

తణుకు_ఫిట్టర్:
మోటారో కేబులో ఇంకా తేలలేదండి. మోటారు దగ్గర ప్లగ్ విప్పి, మోటారు వైపు ఒకసారి, కేబుల్ వైపు ఒకసారి విడివిడిగా మీటర్ పెట్టండి. మోటారులో రెండు కాయిళ్ళు, నాలుగు వైర్లు. ఏ రెండిటి మధ్య రీడింగ్ వస్తే అవి ఒక జత. ఈ సైజు మోటారుకి ఒక ఓమ్ పైన ఏదో వస్తుంది, మామూలు మీటర్ అంత చిన్న విలువని సరిగ్గా చూపించదు కాబట్టి ముందు ప్రోబ్‌లు రెండూ కలిపి ఎంత చూపిస్తోందో చూసి దాన్ని తీసేయండి. విలువ ఎంత అన్నదానికంటే రెండు కాయిళ్ళకీ ఒకేలా వచ్చిందా అన్నదే చూడాలి. కాయిల్‌కీ బాడీకీ మధ్య రీడింగ్ అస్సలు రాకూడదు.

ఇదంతా చల్లగా ఉన్నప్పుడు బాగానే రావొచ్చు, అందుకే మోటారు వేడిగా ఉన్నప్పుడు మళ్ళీ కొలవండి. రాగి డిగ్రీకి 0.39 శాతం చొప్పున పెరుగుతుంది, 50 డిగ్రీలు వేడెక్కితే 1.1 కాస్తా 1.3 అవుతుంది, అది సహజం. ఒకటి పెరిగి రెండోది ఓపెన్ (లోపల తెగి రీడింగే రాకపోవడం) అయితే దొంగ దొరికినట్టే. కొలిచేటప్పుడు మోటారు నుంచి వైర్లు బయటికొచ్చే చోట కొంచెం కొంచెం వంచుతూ చూడండి, కేబుల్ని కూడా చైన్ మలుపు తిరిగే చోట అలాగే వంచండి.

భీమవరం_వైండింగ్:
నమస్తే అండి, మాది వైండింగ్ షాపు, చెరువుల మీద ఏరియేటర్ మోటార్లు ఎక్కువ చేస్తాం. ఈ స్టెప్పర్లు కూడా ఒకరిద్దరు తెచ్చారు. ఇది విప్పి మళ్ళీ చుట్టొచ్చా అని అనుమానం, ఎవరైనా తెలిసినవాళ్ళు చెప్పండి. ఏరియేటర్ మోటారుకైతే మనకి చేతిలో పని.

తణుకు_ఫిట్టర్:
భీమవరం అన్నా, చుట్టగలరు, మీ చేతికి అదేం కష్టం కాదు, కానీ సమస్య రోటర్ దగ్గరుంది. మీ ఇండక్షన్ మోటారులో రోటర్ బయటికి తీసినా దానికేం కాదు. స్టెప్పర్ రోటర్ లోపల పర్మనెంట్ మాగ్నెట్ ఉంటుంది, దాన్ని స్టేటర్‌లో బిగించిన తర్వాతే మాగ్నెటైజ్ చేస్తారు. బయటికి లాగగానే అయస్కాంతం చుట్టూ ఉన్న ఇనుము పోయి బలం తగ్గిపోతుంది, తిరిగి పెట్టినా ఆ బలం రాదు. రోటర్‌కి 50 పళ్ళు ఉంటాయి, అందుకే 200 స్టెప్పులు, స్టెప్పుకి 1.8 డిగ్రీలు. ఆ పళ్ళకీ స్టేటర్‌కీ మధ్య సందు ఎంఎంలో ఇరవయ్యో వంతు ఉంటుంది, చిన్న ఇనుప రజను దూరినా పట్టేస్తుంది. కాబట్టి బయట కనిపించే వైరు తెగితే అతికించుకోవచ్చు, లోపల కాయిల్ పోతే మాత్రం కొత్తది తేవడమే.

భీమవరం_వైండింగ్:
అర్థమైందండి, చాలా థాంక్స్. ఇకనుంచి విప్పొద్దనే చెప్తాను. మలికిపురం వాళ్ళకి ఒక మాట, బాడీకి లీకేజీ అనుమానం ఉంటే దగ్గరలో ఏ వైండింగ్ షాపుకి తీసుకెళ్ళినా మెగ్గర్ (ఇన్సులేషన్ పరీక్షించే మీటర్) పెట్టి చూస్తారు, డ్రైవర్ నుంచి పూర్తిగా విప్పిన తర్వాతే పెట్టించుకోండి, 500 వోల్టులు డ్రైవర్‌లోకి పోతే మిగలదు.

మలికిపురం_తలుపులు:
దొరికిందండీ. కేబుల్ ఎంత వంచినా మార్పు లేదు. మోటారు చల్లగా ఉన్నప్పుడు రెండు జతలూ ఒకేలా ఉన్నాయి. వేడి మీద కొలిస్తే ఒక జత ఓఎల్, అంటే ఓపెన్ అని చూపిస్తోంది, పచ్చ వైరుని మోటారు రబ్బరు దగ్గర వేలితో నొక్కితే రీడింగ్ వస్తోంది, వదిలితే పోతోంది. రబ్బరు జరిపి చూస్తే వైరు పైన ఇన్సులేషన్ బాగానే ఉంది, తెగింది ఇంకా లోపలికి, చేతికి అందదు. పైగా షాఫ్ట్ తిప్పితే ఇసుక ఉన్నట్టు గరగరమంటోంది, ముందు బేరింగ్ చుట్టూ ఎర్రగా తుప్పు. మాకు సముద్రం దగ్గర కదండీ, వానాకాలంలో షెడ్డులో అలెన్ కీలు కూడా తుప్పు పడతాయి. మారుద్దామనే నిర్ణయానికి వచ్చాను. ఇప్పుడు చెప్పండి 76 ఎంఎం మళ్ళీ తేనా, 112 పెద్దది తేనా?

పాలకొల్లు_సైన్‌బోర్డ్స్:
పెద్దది వేసేయండి బ్రదర్, బలం ఎక్కువ ఉంటే మంచిదేగా, టేకు గట్టి చెక్క.

కాకినాడ_ప్యానెల్:
పాలకొల్లు అన్నా, ఇక్కడ నేను గట్టిగా కాదంటాను. అందరూ కేజీ-సెంటీమీటర్ ఒక్కటే చూసి కొంటారు, ఆ నంబరు మోటారు కదలకుండా నిలబడినప్పటి పట్టు. తిరిగేటప్పుడు ఎంత బలం ఉంటుందో అది చెప్పదు. మోటారు స్పీడు పెరిగేకొద్దీ కాయిల్‌లోకి కరెంటు ఎక్కడానికి టైము చాలదు, ఇండక్టెన్స్ (కరెంటు మారడాన్ని కాయిల్ అడ్డుకునే గుణం) ఎక్కువున్న కొద్దీ ఇంకా చాలదు, బలం పడిపోతుంది. పొడుగు మోటారుకి రోటర్ బరువు కూడా ఎక్కువ, లతలూ పువ్వులూ చెక్కేటప్పుడు క్షణక్షణానికీ దిశ మారాలి, ఆ బరువుని ఆపి మళ్ళీ కదపడానికే సగం బలం పోతుంది. 36 వోల్టుల మీద 112 మోటారు వేస్తే నెమ్మదిగా నడిపినప్పుడు ఏనుగులా ఉంటుంది, ఖాళీ జరుపుడులో స్టెప్పులు వదిలేస్తుంది. మోటారు వోల్టేజీకి ఒక పాత లెక్క ఉంది, ఇండక్టెన్స్ మిల్లీ హెన్రీల్లో తీసుకుని దాని వర్గమూలాన్ని 32 తో గుణిస్తే ఆ మోటారుకి ఇవ్వదగిన గరిష్ట వోల్టేజీ వస్తుంది. 2.8 మిల్లీ హెన్రీలైతే 53 వోల్టుల చుట్టుపక్కల. మీ 36 దాని లోపలే ఉంది. అదే 6 మిల్లీ హెన్రీల మోటారు తెస్తే దానికి 78 దాకా అడుగుతుంది, డీఎం542 కి 50 మించి ఇవ్వకూడదు.

మీ పాత మోటారు మీద స్టిక్కర్ చూసి రాయండి.

మలికిపురం_తలుపులు:
18.9 కేజీ సెంటీమీటర్, 2.8 ఆంప్, 1.8 డిగ్రీ. షాఫ్ట్ వెర్నియర్ పెడితే 6.35 వచ్చింది.

తణుకు_ఫిట్టర్:
అదే రేటింగుది తెండి, రెండో ఆలోచన వద్దు. మూడు యాక్సిస్‌లూ ఇన్నాళ్ళూ దాంతోనే టేకు చెక్కాయి కదా, బలం చాలకపోవడం మీ సమస్య కాదు. ఆర్డర్ పెట్టేటప్పుడు ఆంప్స్‌తోపాటు షాఫ్ట్ సైజు కచ్చితంగా అడగండి, నెమా 23 లో 6.35 వస్తుంది, 8 ఎంఎం కూడా వస్తుంది, నెమా అన్నది ముందు ప్లేటు కొలత మాత్రమే, 23 అంటే 2.3 అంగుళాలు. బోల్టుల మధ్య దూరం 47.14, మధ్యలో గుండ్రటి మెట్టు 38.1, ఇవి ఎవరు చేసినా ఒకటే. 8 ఎంఎం షాఫ్ట్ వచ్చేస్తే కప్లింగ్ కూడా మార్చాలి. ఇంకోటి, నాలుగు వైర్లదే అడగండి, ఎనిమిది వైర్లది వస్తే సిరీస్ కలపాలా పేరలల్ కలపాలా అని అదో గొడవ.

బిగించేటప్పుడు జాగ్రత్తలు. కప్లింగ్ ఎక్కకపోతే సుత్తితో కొట్టకండి, ఆ దెబ్బ నేరుగా బేరింగ్ మీద పడుతుంది. షాఫ్ట్ మీద చదును ఉంటే గ్రబ్ స్క్రూ ఆ చదును మీదే కూర్చోవాలి. కప్లింగ్ లోపల మోటారు షాఫ్టూ స్క్రూ చివరా తగలకూడదు, ఒకటి రెండు ఎంఎం సందు ఉంచండి. నాలుగు బోల్టులూ వేళ్ళతో పట్టించి వదిలేసి, గాంట్రీని (స్పిండిల్‌ని మోసే భాగాన్ని) చేత్తో నెమ్మదిగా మోటారు వైపు చివరకి తీసుకురండి, అక్కడ స్క్రూ అటూ ఇటూ ఊగదు, మోటారు తనంతట తానే సెంటర్‌కి కూర్చుంటుంది, అప్పుడు ఎదురెదురు బోల్టులు కొంచెం కొంచెంగా బిగించండి. గాంట్రీని స్పీడుగా తోయకండి, మోటారు అప్పుడు జనరేటర్ అయిపోయి డ్రైవర్‌లోకి కరెంటు పంపిస్తుంది.

వైర్ల రంగులు నమ్మకండి, ఒక్కో తయారీదారుది ఒక్కో పద్ధతి. మీటర్‌తో జతలు చూసుకుని ఒక జత ఏ ప్లస్ ఏ మైనస్‌లో, రెండోది బీ ప్లస్ బీ మైనస్‌లో పెట్టండి. తిరగడం ఉల్టా అయితే పవర్ ఆపి ఒక్క జతలో రెండు వైర్లు అటూ ఇటూ మార్చండి, రెండు జతలూ మారిస్తే మళ్ళీ మొదటికే వస్తుంది.

కాకినాడ_ప్యానెల్:
డ్రైవర్ స్విచ్‌లు కూడా ఒకసారి చూసుకోండి. మొదటి మూడూ కరెంటుకి, నాలుగోది నిలబడినప్పుడు కరెంటు సగానికి తగ్గించేది, చివరి నాలుగూ మైక్రోస్టెప్‌కి, అంటే ఒక్కో స్టెప్పుని ఎన్ని ముక్కలు చేయాలో. డ్రైవర్ మీద ఉన్న టేబుల్లో కరెంటుకి పీక్ (గరిష్ట విలువ), ఆర్ఎంఎస్ (ఒకరకం సగటు) అని రెండు కాలమ్‌లు ఉంటాయి, 2.84 అని పీక్‌లో ఉన్నదానికి ఆర్ఎంఎస్ 2.03. మీ 2.8 మోటారుకి పీక్ 2.84 తో మొదలుపెట్టి, చాలకపోతే 3.31 కి వెళ్ళండి. నాలుగోది సగం కరెంటు మీదే ఉంచితే చెక్కనప్పుడు మోటారు చల్లబడుతుంది. మైక్రోస్టెప్ మిగతా వాటిలాగే ఉంటే కంట్రోలర్‌లో ఏమీ మార్చక్కర్లేదు. 200 స్టెప్పులు, ఎనిమిది మైక్రోస్టెప్‌లు, స్క్రూ చుట్టుకి 5 ఎంఎం, అంటే ఎంఎంకి 320 పల్సులు.

మలికిపురం_తలుపులు:
మోటారు వచ్చింది, నరసాపురం నుంచి పంటు మీద మా వాళ్ళే తెచ్చారు. మీరు చెప్పినట్టే బిగించాను. మొదట ఉల్టా తిరిగింది, ఒక జత మార్చాక సరిపోయింది. 300 ఎంఎం జరిపితే స్టీలు స్కేలు మీద 300 కే వచ్చింది. తర్వాత స్పిండిల్ గాల్లో ఉంచి ఒక పాత లత ఫైలు మొత్తం నడిపించి సున్నాకి రప్పిస్తే వీ బిట్ మొన పెన్సిల్ చుక్క మీదే దిగింది. ఈ రోజు టేకు మీద తలుపు రెక్క మొత్తం చెక్కాం, లత ఎక్కడా విరగలేదు. గర్ర్ శబ్దం లేదు. మోటారు వేడిగానే ఉంది గానీ జెడ్ మోటారు ఎంత వేడో అంతే. మీ అందరికీ చాలా చాలా ధన్యవాదాలండి, 112 తెచ్చి ఉంటే డబ్బూ పోయేది, టైమూ పోయేది.

తణుకు_ఫిట్టర్:
సంతోషం అండి. ఇంకో పని, మోటారు ముందు భాగంలో తుప్పు పట్టడానికి కారణం గాలి తేమ ఒక్కటే కాదు, చెక్క పొడి తేమ పీల్చుకుని అక్కడే పేరుకుపోతుంది. రోజూ పని అయ్యాక బ్లోయర్‌తో బయటికి ఊదకుండా వాక్యూమ్ పెట్టి లాగేయండి, ఊదితే అదే పొడి బేరింగుల్లోకి వెళ్తుంది. మిగతా రెండు మోటార్ల షాఫ్టులు కూడా కప్లింగ్ విప్పినప్పుడు ఒకసారి తిప్పి చూడండి, అవీ అదే వయసువి.

కాకినాడ_ప్యానెల్:
రాజోలు తమ్ముడూ, ఇప్పుడు నీ సంగతి. 3డీ ప్రింటర్ నెమా 17 మోటార్లకి వెనక ఆరు పిన్నుల సాకెట్ ఉంటుంది, అందులో నాలుగే వాడతారు. కేబుల్ తయారుచేసినవాళ్ళని బట్టి మధ్యలో రెండు వైర్లు తారుమారు అవుతాయి, అప్పుడు ఒక కాయిల్ కొస, ఇంకో కాయిల్ కొస కలిపి ఒక జతగా ఇచ్చినట్టు అవుతుంది, తిరగలేక వణుకుతుంది. మీటర్ లేకపోయినా పర్లేదు, కేబుల్ బోర్డు నుంచి తీసేసి, ఏవైనా రెండు పిన్నులు చిన్న వైరుతో కలిపి షాఫ్ట్ వేళ్ళతో తిప్పు. మామూలు కంటే బిగుతుగా ఉంటే అవి ఒక జత. జతలు తెలిశాక బోర్డు మీద పక్కపక్కన ఒక జత వచ్చేలా ప్లగ్‌లో పిన్నులు మార్చు.

రాజోలు_హాబీ:
అన్నా సూపర్, మధ్య రెండూ మార్చగానే తిరిగింది! కానీ 10 ఎంఎం జరపమంటే 5 ఎంఎం జరుగుతోంది ఇప్పుడు, ఎందుకు?

కాకినాడ_ప్యానెల్:
అయితే నీకొచ్చింది 0.9 డిగ్రీ మోటారు, చుట్టుకి 400 స్టెప్పులు. స్టిక్కర్ మీద చూసి నిర్ధారించుకో. నీ మెషిన్లో స్క్రూ చుట్టుకి 4 ఎంఎం, పదహారు మైక్రోస్టెప్‌లు, పాత లెక్క 200 ఇంటూ 16 బై 4, అంటే 800. ఇప్పుడు కంట్రోలర్ సెట్టింగుల్లో వై కి $101 (ఎంఎంకి ఎన్ని పల్సులో చెప్పేది) విలువ 1600 పెట్టు, ఎక్స్‌ది $100, జెడ్‌ది $102, వాటి జోలికి వెళ్ళకు. వై గరిష్ట వేగం $111 కొంచెం తగ్గించు, పల్సులు రెట్టింపు కావాలి కదా.

కరెంటు కూడా చూసుకో. ఏ4988 డ్రైవర్ అయితే పక్కన ఉన్న చిన్న రెసిస్టర్ల మీద ఆర్100 అని ఉందో లేదో చూడు, ఉంటే ఒక ఆంప్‌కి వీ-రెఫ్ (డ్రైవర్ మీది చిన్న స్క్రూతో కరెంటు హద్దు పెట్టే వోల్టేజీ) 0.8 వోల్టులు. స్క్రూ తిప్పేటప్పుడు ఇనుప స్క్రూడ్రైవర్ పక్క పిన్నులకి తగలకుండా చూసుకో, కొలిచాక ఎంత వచ్చిందో ఇక్కడ పెట్టు, మోటారు స్టిక్కర్ మీద ఆంప్స్ కూడా రాయి, రెండూ కలిపి చూసి చెప్తాను.